వార్డులో పేషెంట్ టెన్షన్: "గట్టిగా ఊపిరి తీసుకోండి" అనే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయ్యాక సైకియాట్రీ వార్డులో కొత్తగా చేరారు. పేషెంట్లు ఉన్నట్టుండి టెన్షన్ పడుతున్నారు, అటూ ఇటూ తిరుగుతున్నారు, "ఇంటికి పంపండి" అని అరుస్తున్నారు. క్లాసులో నేర్పినట్టు ఊపిరి వ్యాయామం చేయించబోతే ఇంకా కోపం తెచ్చుకుంటున్నారు. ధైర్యం చెబితే వినడం లేదు. చివరికి ఇంజెక్షన్ దాకా పోతోంది. తేడా ఎక్కడ వస్తోందని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, టెన్షన్ తగ్గించే పని తర్వాత. అది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి. పైకి ఒకేలా కనిపించే అలజడి వెనక ఒంట్లో ఇబ్బంది ఉండవచ్చు, మనం ఇచ్చిన మందు ఉండవచ్చు, మానేసిన మత్తు ఉండవచ్చు, జబ్బు పుట్టించే భయం ఉండవచ్చు. ఇంటి దిగులు కావచ్చు, మన వార్డు పద్ధతులే కావచ్చు. ఇన్నింటిలో ఊపిరి వ్యాయామం పనికొచ్చేవి ఒకటో రెండో. మిగతావాటికి డాక్టరుకు ఫోన్ చేయాలి, లేదా మందు మార్పించాలి. కొన్నిసార్లు "పదకొండింటికి డాక్టరు గారు రౌండ్స్‌కు వస్తారు, మీ ఇంటి సంగతి నేనే అడుగుతాను" అని ఒక్క మాట చెబితే చాలు.

నేను చాలా ఏళ్లుగా మానసిక వార్డుల్లోనే స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కింద రాసింది ఎక్కువగా ఆ అనుభవంలోంచే. మందుల మోతాదులు కావాలనే రాయడం లేదు, అవి మీ డాక్టరు నిర్ణయించాల్సినవి.

ముందు ఒళ్లు చూడండి. సైకియాట్రీ వార్డులో ఉన్నాడు కాబట్టి అలజడి కూడా మనసుదే అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. నాడి, బీపీ, జ్వరం, ఆక్సిజన్, షుగర్ చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. షుగర్ పడిపోయిన మనిషికి చెమటలు, వణుకు, చిరాకు వస్తాయి. చూసేవాళ్లకు అచ్చం భయంలాగే ఉంటుంది. పెద్ద వయసు మగవాళ్లు రాత్రంతా లేస్తూ పడుకుంటూ ఉంటే పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడండి. ట్రైహెక్సీఫెనిడిల్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు వేసుకునేవాళ్లకు మూత్రం ఆగిపోవచ్చు. ఆ సంగతి ఆడ సిస్టర్‌కు చెప్పడానికి ఆయన సిగ్గుపడుతుంటాడు. నాలుగు రోజులుగా విరేచనం కాని మనిషికీ నెమ్మది ఉండదు. ఇక బీడీలు. రోజుకు కట్ట కాల్చే మనిషిని లోపల పెట్టి బీడీ లేకుండా చేస్తే మర్నాటికే చిటపటలాడతాడు. దాన్ని జబ్బు ముదరడంగా రాసేయకండి. నికోటిన్ చూయింగ్ గమ్ ఇప్పించే వీలుందేమో అడగండి.

మత్తు సంగతి నేరుగా అడగండి. మద్యం మానిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. పగలో రాత్రో తెలియని గందరగోళం, లేని పురుగుల్ని దుప్పటి మీంచి ఏరడం, ఎవరో వస్తున్నారని బెదరడం సాధారణంగా రెండో రోజు చివర నుంచి నాలుగో రోజు దాకా ఎప్పుడైనా మొదలు కావచ్చు. ఇది ప్రాణాపాయం, దీనికి ధైర్యం చెబుతూ కూర్చుంటే లాభం లేదు. వెంటనే డాక్టరును పిలవాలి. థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తున్నారేమో కూడా చూసుకోండి.

తెలంగాణ వాళ్లకు కల్లు సంగతి వేరేగా చెప్పక్కర్లేదు. ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లకు అది మానితే మద్యం మానినప్పటిలాగే ఫిట్స్, మతిభ్రమ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులు పోటెత్తాయి. నేను చూసినంతవరకు మనవాళ్లు మగవాళ్లను అడుగుతారు కానీ ఆడవాళ్లను అడగరు. పల్లెటూరి నుంచి డిప్రెషన్ అని వచ్చిన పెద్దమ్మ మూడో రోజు రాత్రి మంచం కింద కోళ్లు తిరుగుతున్నాయంటే, "పెద్దమ్మా, కల్లు తాగుతవా? ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?" అని అడగండి. తప్పుపట్టే గొంతు లేకపోతే నిజమే చెబుతారు. కొడుకు ముందు అడిగితే చెప్పరు.

మనం ఇచ్చిన మందే నడిపిస్తుండవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. మా వార్డుకు ఒక ఆటో డ్రైవర్ కుర్రాడు వచ్చాడు. భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ మొదలైన కొద్ది రోజులకే కూర్చోలేకపోతున్నాడు. మంచం మీద కూర్చుంటే కాళ్లు ఊపుతాడు, లేచి నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. నైట్ రిపోర్టులో "ఎజిటేటెడ్" (అలజడిగా ఉన్నాడు) అని రాశారు. అది చూసి మందు పెంచారు, దాంతో ఇంకా ఎక్కువైంది. పక్కన కూర్చుని "కంగారు మనసులో ఉందా, కాళ్లలో ఉందా?" అని అడిగితే, "కాళ్లలోనే అక్కా. లోపల చీమలు పాకుతున్నట్టుంది. నడిస్తే కాస్త నయం" అన్నాడు. దాన్నే అకతీసియా అంటారు. డాక్టరు గారు హాలోపెరిడాల్ తగ్గించి ప్రొప్రనలాల్ రాశారు. కొన్ని రోజులకు స్థిమితంగా కూర్చుని అన్నం తిన్నాడు. ప్రొప్రనలాల్ రాసినప్పుడు పేషెంటుకు ఆస్తమా ఉందేమో గుర్తు చేయడం మన పని.

అందుకే రిపోర్టులో ఒట్టి "ఎజిటేటెడ్" అని రాయకండి. కనపడింది కనపడినట్టు రాయండి: "కూర్చోలేకపోతున్నాడు, కాళ్లు ఆగడం లేదంటున్నాడు, మాట సరిగానే ఉంది, ఎవరి మీదా కోపం లేదు." డాక్టరు ఆ వాక్యం చదివితే వేరే దారిలో ఆలోచిస్తాడు.

ఇలాంటిదే ఇంకొకటి, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం. తోడున్నవాళ్లు పూనకం అనో గాలి సోకిందనో హడలిపోతారు. పేషెంటుకు పూర్తిగా తెలివి ఉంటుంది, చచ్చిపోతున్నానని భయం. ప్రోమెథజీన్ ఇంజెక్షన్‌తో చాలామందికి కాసేపట్లోనే సర్దుకుంటుంది. ఈలోపు "ఇది మందు వల్ల వచ్చింది, తగ్గిపోతుంది, నేను ఇక్కడే ఉంటాను" అని చెబుతూ ఉండండి. కానీ ఒళ్లు బిగుసుకోవడంతో పాటు జ్వరం, గందరగోళం ఉంటే అది వేరే సంగతి. తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ కాదనుకున్నాకే మాటలు. మీ ఊపిరి వ్యాయామం ఎందుకు పనిచేయలేదో ఇక్కడ చెబుతాను. హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికన్ నర్సు ఆందోళనను నాలుగు మెట్లుగా చెప్పారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, పానిక్. మీరు పరీక్షకు చదివే ఉంటారు, కానీ వార్డులో దాని ఉపయోగం ఎవరూ చెప్పరు. మొదటి రెండు మెట్లలో ఉన్న మనిషి కొత్త విషయం నేర్చుకోగలడు. మూడో మెట్టు ఎక్కాక చిన్న వివరం తప్ప బుర్రకు ఏదీ ఎక్కదు. నాలుగో మెట్టులో మన మాట వినపడినా అర్థం కాదు. మూడో మెట్టు మీదున్నవాడికి "కళ్లు మూసుకోండి, ముక్కుతో పీల్చండి, లెక్కపెట్టండి" అంటే మూడు ఆజ్ఞలు ఒక్కసారి ఇచ్చినట్టు. కోపం రాకేం చేస్తుంది? పైగా ఎవరో తనను చంపడానికి వస్తున్నారని నమ్మేవాడు మీ ముందు కళ్లెందుకు మూస్తాడు?

ఆ స్థితిలో మూడు నాలుగు మాటలకు మించని వాక్యాలే వాడండి. ఒక్కరే మాట్లాడాలి. నలుగురు చుట్టూ చేరి తలా ఒక మాట అంటే ఎంత ఓపికమంతుడైనా తిరగబడతాడు. రెండు చేతుల దూరంలో, కాస్త పక్కగా నిలబడండి. మీకూ అతనికీ ఇద్దరికీ గుమ్మం వైపు దారి ఉండాలి. చేతులు కనిపించేలా ఉంచండి, తాళంచెవుల గుత్తి ఆడించకండి. గొంతు తగ్గించండి, అతను అరిచే కొద్దీ ఇంకా తగ్గించండి. "మీకేం కాదు" అనకండి, అతనికి అవుతున్నదేదో అతనికి తెలుసు. "భయంగా ఉన్నట్టుంది. నేను ఇక్కడే ఉన్నాను. కూర్చుందామా, నడుద్దామా?" అని అడగండి. కూర్చోవడమో నడవడమో, ఏదైనా ఒకటి ఎంచుకునే వీలు ఇవ్వడం చాలా ముఖ్యం. లోపలికి వచ్చినప్పటి నుంచి అతని చేతిలో ఏ నిర్ణయమూ లేదు. నీళ్లు కావాలా, టీ కావాలా అన్నది కూడా నిర్ణయమే.

లేనిది ఉందంటున్నప్పుడు వాదించవద్దు, ఔననీ అనవద్దు. "పక్కింటివాళ్లు చేతబడి చేశారు" అంటే, "అలా అనిపిస్తుంటే రాత్రి నిద్ర కూడా పట్టి ఉండదు కదా" అనండి. చేతబడి ఉందా లేదా అన్న చర్చ మన డ్యూటీ టైమ్‌లో తేలేది కాదు. నిద్ర సంగతి మనం చూడగలం.

గొడవ దాకా పోయే ముందు గుర్తులు కనిపిస్తాయి. బ్రోసెట్ చెక్‌లిస్ట్ అని నార్వే నుంచి వచ్చిన చిన్న పట్టీ ఒకటుంది. అందులో ఆరే అంశాలు: గందరగోళం, చిరాకు, అతిగా గోల చేయడం, మాటతో బెదిరించడం, చేతితో బెదిరించడం, వస్తువుల మీద విరుచుకుపడటం. ఒక్కో దానికి ఒక మార్కు. మూడో, అంతకన్నా ఎక్కువో వస్తే ముందే జాగ్రత్త పడమని అర్థం. షిఫ్టుకు ఒకసారి రాసుకుంటే ఇంజెక్షన్ దాకా పోయేవి కొన్నైనా ముందే ఆగుతాయి.

సగం టెన్షన్ వార్డుదే. ఇది మా వాళ్లకు నచ్చని మాట. పేషెంటు వైపు నుంచి ఒకసారి చూడండి. ఫోను తీసుకున్నారు, తలుపుకు తాళం ఉంది, పక్క మంచం మనిషి రాత్రంతా అరుస్తున్నాడు, డాక్టరు ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పరు. "తర్వాత", "చూద్దాం", "డాక్టరు గారిని అడగండి" అనేవి మనం రోజంతా వాడే మూడు జవాబులు. ఏ మామూలు మనిషినైనా ఇలా మూడు రోజులు ఉంచితే అటూ ఇటూ తిరుగుతాడు.

"ఇంటికెప్పుడు పంపుతారు?" అన్నది అలాంటి ప్రశ్నే. అబద్ధం చెప్పి రేపు అనకండి, రేపు మీ డ్యూటీ కాకపోయినా ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. తెలిసింది మాత్రం చెప్పండి: "తేదీ నాకు తెలియదు. గురువారం డాక్టరు గారు మీతో, మీ అన్నతో మాట్లాడతారు. అప్పుడు నేనూ ఉంటాను." తనంతట తాను చేరినవాడా, ఇంటివాళ్లు చేర్పించినవాడా అన్నది ఫైల్లో చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ రెండింటికీ దారులు వేరు. ఇంటివాళ్లు చేర్పించే దారి అయిన 89వ సెక్షన్ కింద చేరితే ఆ అడ్మిషన్ గడువు 30 రోజులకు మించదు, ఆపైన ఉంచాలంటే వేరే ప్రక్రియ ఉంది. "జీవితాంతం ఇక్కడే ఉంచేస్తారు" అని భయపడేవాళ్లకు ఇది చెబితే కొంత కుదుటపడటం నేను చూశాను.

అదే చట్టం ఇంకొన్ని చిన్న విషయాలూ చెప్పింది. బలవంతంగా గుండు చేయకూడదు, యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు, సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. చూసేవాళ్లకు ఇవి పెద్దగా అనిపించవు. లోపలున్నవాళ్లకు అవే పెద్దవి.

ఒక కేసు చెబుతాను. ప్రసవం తర్వాత జబ్బు పడ్డ ఒకామె రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఏడుపు ఆపలేదు. బిడ్డ మీద బెంగ అనుకున్నాం, అదీ ఉంది. కానీ ఆమె చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోతోంది. చేరేటప్పుడు నగలన్నీ ఇంటివాళ్లకు అప్పగించే రూలు ప్రకారం పుస్తెలతాడు తీయించారు. భర్త బతికుండగా మెడ బోసిగా ఉంచారు, ఆయనకేమైనా అయితే తనదే పాపం అన్నది ఆమె భయం. మెడలో తాడు ఉండనివ్వడం ఆ సమయంలో క్షేమం కాదు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయి. డాక్టరును అడిగి, అత్తగారితో పసుపు కొమ్ము తెప్పించి, పొట్టి దారంతో చేతికి కట్టించాం. ఆ పూట అన్నం తింది. భర్తను రోజూ సాయంత్రం వచ్చి కనిపించమన్నాం. జబ్బు తగ్గడానికి మందులకు వారాలు పట్టింది, కానీ ఆ మందులు మింగడానికి ఒప్పుకున్నది ఆ రోజు నుంచే.

ఇదంతా ఒట్టి సెంటిమెంటు అనుకునేవాళ్లకు ఒక లెక్క. బ్రిటన్‌లో సేఫ్‌వార్డ్స్ పేరుతో 15 ఆసుపత్రుల్లో 31 వార్డులను తీసుకుని పరీక్షించారు. వాళ్లు చేయించినవి మెత్తగా మాట్లాడటం, చెడు కబురు ముందే జాగ్రత్తగా చెప్పడం, ఒకరి గురించి ఒకరికి తెలిసేలా చేయడం, గొడవ తర్వాత మిగతా పేషెంట్లకు ధైర్యం చెప్పడం లాంటి పనులే. 2015లో వచ్చిన ఫలితాల్లో గొడవలు సుమారు 15 శాతం, కట్టేయడం, బలవంతపు ఇంజెక్షన్ లాంటివి సుమారు 26 శాతం తగ్గాయి. మన వార్డుల్లో ఉండే రద్దీ అక్కడ లేదు, నిజమే. కానీ మెత్తగా మాట్లాడటానికి బడ్జెట్ అక్కర్లేదు.

గొడవ తర్వాత మిగతావాళ్ల సంగతి మనం తరచూ మరిచిపోతాం. ఒకరిని పట్టుకుని ఇంజెక్షన్ చేస్తుంటే హాల్లో ఉన్న ఇరవై మందీ చూస్తుంటారు. రేపు తనకూ ఇంతే అనుకుంటారు. అయిపోయాక ఐదు నిమిషాలు మంచాల మధ్య తిరిగి, "ఆయనకు ఇప్పుడు బాగానే ఉంది, పడుకున్నాడు" అని చెప్పండి.

కట్టేయాల్సి వస్తే చట్టం ఏమంటుందో కంఠతా ఉండాలి. తనకో ఇతరులకో అప్పటికప్పుడు జరగబోయే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితో, అవసరమైనంతసేపే. శిక్షగా కాదు, స్టాఫ్ తక్కువగా ఉన్నారని కాదు. 24 గంటల్లో నామినేటెడ్ ప్రతినిధికి, అంటే పేషెంటు తరఫున చూసుకునే మనిషికి, చెప్పాలి. ఒంటరి గదిలో బంధించడం నిషేధం, గొలుసులు పూర్తిగా నిషేధం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గుడిసెకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. ఆ రూలు వెనక ఇలాంటి చావులున్నాయి. కట్టినంతసేపూ చేతివేళ్ల రంగు, ఊపిరి, నీళ్లు, మూత్రం చూస్తూ ఉండాలి. విప్పాక కూర్చుని మాట్లాడాలి.

అరవని వాళ్లను మర్చిపోకండి. అరిచేవాడి దగ్గరికి అందరూ పరిగెడతారు. దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నావిడ టెన్షన్ ఎవరికీ పట్టదు. పురుగుల మందు తాగి బతికి మన వార్డుకు వచ్చినవాళ్లలో చాలామందికి పైకి చెప్పని భయం ఒకటుంటుంది, పోలీసు కేసు. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, పోలీసు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. కానీ ఆ ప్రయత్నం తీవ్రమైన ఒత్తిడిలో చేసిందేనని 2017 చట్టం 115వ సెక్షన్ భావిస్తుంది, శిక్ష వేయదు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేనే లేదు. ఈ ముక్క పేషెంటుకీ ఇంటివాళ్లకీ విడివిడిగా చెప్పండి. "మళ్లీ చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. నిన్నటిదాకా కుమిలిపోయిన మనిషి ఇవాళ కారణం లేకుండా తేలికపడి వస్తువులు పంచిపెడుతుంటే సంతోషించే ముందు డాక్టరుకు చెప్పండి.

తోడున్నవాళ్ల టెన్షన్ పేషెంటుకు అంటుకుంటుంది. తల్లి మంచం పక్కనే కూర్చుని "నీ వల్లే మా బతుకులు ఇలా అయ్యాయి" అంటుంటే మనం ఇచ్చే మందు సగం దానికే ఖర్చవుతుంది. ఆవిడను తిట్టకండి, బయటికి తీసుకెళ్లి టీ తాగించండి. ఎన్ని రాత్రులు నిద్ర లేదో అడగండి. ఆవిడ గోడు మనం వింటే కొడుకు దగ్గర వెళ్లగక్కడం తగ్గుతుంది. డిశ్చార్జి అయ్యేవాళ్లకు 14416, టెలీమానస్ నంబరు కాగితం మీద రాసివ్వండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది.

ఊపిరి వ్యాయామం వద్దని కాదు. మనిషి నెమ్మదిగా ఉన్న సాయంత్రం పూట, కళ్లు తెరిచే, నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఆరు లెక్కపెట్టి బయటికి నేర్పించండి. నెమ్మదిగా ఉన్నప్పుడు వచ్చింది కంగారులో కొంత గుర్తొస్తుంది. అంతకన్నా మంచి పద్ధతి, చేరిన రోజే "ఇంట్లో ఇలా అయినప్పుడు ఏం చేస్తే నెమ్మదించేది?" అని అడిగి కేస్ షీటు మొదటి పేజీలో రాయడం. ఒకరు తల మీద నీళ్లు పోసుకుంటే చాలంటారు, ఒకరికి హనుమాన్ చాలీసా, ఒకరికి కూతురితో రెండు నిమిషాల ఫోను. మా వార్డులో ఒకాయన పూలు కట్టేవాడు. రోజూ మూర మాల కట్టనిస్తే మధ్యాహ్నాలు గొడవే ఉండేది కాదు. దారం మాత్రం లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకునేవాళ్లం.

మీది ఓపెన్ వార్డా, క్లోజ్డ్ వార్డా? నైట్‌లో ఎంతమందికి ఒక సిస్టర్ ఉంటారు, తోడు మనుషుల్ని ఉండనిస్తారా? ఇవి రాస్తే మీ వార్డుకు తగ్గట్టు ఇంకా వివరంగా చెబుతాను. ఈలోపు ఇంజెక్షన్ దాకా పోయిన పాత కేసులు కొన్ని తీసి, దానికి ముందు గంటలో ఏం జరిగిందో రిపోర్టుల్లో వెతకండి.